తిరిగిరాని మూడు లక్షలు

2025 అక్టోబరు 27న తెలంగాణ జిల్లాల్లో కలెక్టర్లు మద్యం షాపులకు డ్రా తీశారు. దరఖాస్తులు పిలిచిన షాపులు 2,620. దరఖాస్తులు 95 వేలకు పైన. ఒక్కో దరఖాస్తుకు మూడు లక్షల రూపాయలు కట్టాలి, షాపు తగిలినా తగలకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. సగటు తీస్తే ఒక షాపుకు 36 దరఖాస్తులు, అంటే వాటిలో 35 మీద కట్టిన డబ్బుకు ఫలితం లేదు. ఖజానాకు మాత్రం షాపులు తెరవకముందే 2,800 కోట్లకు పైగా చేరింది. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో కట్టినదీ అందులోనే కలిసింది.

దీన్ని చట్టం లాటరీ అనదు. అయినా డబ్బు కట్టడం, అదృష్టం చూసుకోవడం, తగలనివారి సొమ్ము డ్రా తీసినవారికే మిగలడం ఇందులోనూ ఉన్నాయి. డ్రా వద్దని నేను అనడం లేదు. వేలం పెడితే షాపులన్నీ డబ్బున్న నలుగురి చేతుల్లోకే పోతాయి. డ్రా ఉంది కాబట్టే గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం షాపులు విడిగా కేటాయించడం కుదిరింది. నా ప్రశ్న ఆ మూడు లక్షలు ఏ పనికి పోతున్నాయన్నదే.

ఈ ప్రశ్నకు కేరళ ఒకసారి సూటిగా జవాబిచ్చింది. దేశంలో మొదటి ప్రభుత్వ లాటరీ అక్కడే, 1967లో మొదలైంది. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. నన్ను ఆలోచింపజేసింది మాత్రం 2011 నాటి కారుణ్య లాటరీ. కె.ఎం.మాణి ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన ఆ లాటరీ ఆదాయాన్ని క్యాన్సర్, గుండె, కిడ్నీ జబ్బులు, హీమోఫీలియా ఉన్న పేదల చికిత్సకు మళ్లించారు. టికెట్టు కొన్నవాడికి బహుమతి రాకపోయినా తన డబ్బు ఏ పనికి పోయిందో తెలుసు.

అలాగని మన దగ్గరా టికెట్ల దుకాణాలు తెరుద్దామంటే ఒప్పుకోను. ఆ టికెట్టు కొనేది హమాలీ, ఆటో డ్రైవరు, రోజు కూలీ. మూడు లక్షలు కట్టగలిగినవాడికీ, సాయంత్రం బియ్యానికి దాచిన యాభై రూపాయలు తీసిచ్చేవాడికీ పోలికే లేదు. దేశమంతటా ఒక్క అంకె లాటరీలు ఎన్ని ఇళ్లు ముంచాయో చూశాకే 1998 నాటి కేంద్ర చట్టం వాటిని నిషేధించింది. ఏ లాటరీకైనా వారానికి ఒక్క డ్రానే అంది. బంపర్ డ్రాలు ఏడాదికి ఆరు దాటకూడదంది. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేనని సుప్రీంకోర్టు 1999లో తేల్చి చెప్పింది. తమిళనాడు 2003లో లాటరీలను మూసేసింది. రోగికి మందు ఇప్పించడానికి ఇంకో పేదవాడి కూలి డబ్బు తీసుకోవడం ధర్మం కాదు.

బ్రిటన్‌లో 1994 నుంచి నడుస్తున్న నేషనల్ లాటరీలో మనకు పనికొచ్చే నియమం ఒకటుంది. కళలకు, క్రీడలకు, వారసత్వ కట్టడాలకు, స్వచ్ఛంద సేవకు ఇచ్చే సొమ్మును మంత్రులు కాకుండా వేరే సంస్థలు పంచుతాయి. ప్రభుత్వం తన బడ్జెట్ నుంచి పెట్టాల్సిన ఖర్చుకు ఆ సొమ్మును బదులుగా వాడకూడదు. ఈ రెండిటిలో ఆ ‘బదులుగా వాడకూడదు’ అన్నదే అసలైన కాపలా. అది లేకపోతే ఒక చేత్తో నిధి ఇచ్చి, ఇంకో చేత్తో ఆసుపత్రి బడ్జెట్ కోస్తారు.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. మద్యం దరఖాస్తుల రుసుములో పదో వంతు పక్కన పెట్టండి. 2025 లెక్క ప్రకారమే అది 280 కోట్లు దాటుతుంది. ఆ డబ్బు మద్యం వల్ల చెడిపోయిన ఒంటికీ ఇంటికీ ఖర్చు కావాలి: లివర్ జబ్బుల చికిత్స, తాగుడు మాన్పించే వైద్యం, ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబాల పిల్లల చదువు. వరంగల్‌లోని మన ఎంజీఎం ఆసుపత్రికి ఉమ్మడి వరంగల్ నుంచే కాదు, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు నుంచీ రోగులు వస్తారు. వారిలో తాగుడుతో లివర్ పోయినవాళ్ల మంచం పక్కన కూర్చున్న భార్యలను, తల్లులను ఒక్కసారి చూస్తే ఈ కోరిక ఎందుకో ఎవరికీ వివరించనక్కర్లేదు. ప్రభుత్వం ఎవరి బలహీనత మీద సంపాదిస్తోందో, వాళ్ల మందులకు అందులో కొంతైనా ఇవ్వడం దానం కింద లెక్క కాదు, బాకీ తీర్చడం.

ఈ పదో వంతు మాట దరఖాస్తులు పిలిచే నోటిఫికేషన్‌లోనే రాసి ఉండాలి, తర్వాత తీరిగ్గా ప్రకటించేది కాకూడదు. ఎంజీఎంకు ఇప్పుడిచ్చే బడ్జెట్‌లో ఒక్క రూపాయీ తగ్గకూడదు. లెక్క బహిరంగంగా ఉండాలి. అదెలాగో నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 2024 మేడారం జాతర తర్వాత ఐదు వందలకు పైగా హుండీలను హనుమకొండ టీటీడీ కల్యాణ మండపానికి తెచ్చి, సీసీ కెమెరాల ముందు, సేవకులను కూర్చోబెట్టి లెక్కించారు. రోజురోజుకూ ఎంత తేలిందో పత్రికలకు చెప్పారు. వనదేవతలకు వేసిన రూపాయికి అంత జాగ్రత్త చూపగలిగినప్పుడు, రోగి పేరు మీద తీసిన రూపాయికి చూపలేమా?

ఇప్పటి లైసెన్సుల గడువు 2027 నవంబరుతో ముగుస్తుంది. కొత్త నోటిఫికేషన్ అంతకు ముందే వస్తుంది. అది వచ్చాక అడిగితే ఆలస్యమే. ఉమ్మడి వరంగల్ ఎమ్మెల్యేలు ఈలోగా శాసనసభలో ఈ పదో వంతు గురించి అడగాలి. మీ ఎమ్మెల్యే మీ ఊరికి వచ్చినప్పుడు మీరూ అడగండి.