పలక మీద మూడు చుక్కలు

'నువ్వు ఎటు?'

పల్లెటూళ్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం మహా కష్టం. పంచాయతీ ఎన్నికలొస్తే అడుగుతారు. తిరునాళ్లకు ప్రభ కడితే అడుగుతారు. ఆఖరికి పెళ్లిపత్రిక ముందు ఎవరింట్లో ఇచ్చారన్నదాన్ని బట్టి కూడా లెక్కేసుకుంటారు. 'నాకు అందరూ కావాల్సినవాళ్లే' అన్న మనిషిని ఇటువాళ్లూ నమ్మరు, అటువాళ్లూ నమ్మరు. ఎందుకలా? ఊళ్లో నాలుగైదు వర్గాలు కాకుండా చాలాసార్లు రెండే ఎందుకు మిగులుతాయి?

'మనుషుల బుద్ధే అంత' అని సరిపెట్టుకుంటాం మనం. దాని వెనక ఓ లెక్క ఉందంటారు గణితవేత్తలు. అది తెలుసుకోవడానికి కంప్యూటరేమీ అక్కర్లేదు. మార్కాపురం పలక ఒకటీ, బలపం ముక్క ఒకటీ చాలు.

నాలుగే రకాలు

పలక మీద మూడు చుక్కలు పెట్టండి. ముగ్గురు మనుషులన్నమాట. వాటిని కలుపుతూ మూడు గీతలు గీయండి. ఇద్దరి మధ్య స్నేహముంటే ఆ గీత మీద ప్లస్, పడకపోతే మైనస్. ఎలా వేసినా నాలుగు రకాలే వస్తాయి.

మూడూ ప్లస్‌లైతే ఏ గొడవా లేదు. ఒక ప్లస్, రెండు మైనస్‌లున్నా గొడవ లేదు. ఇద్దరు మిత్రులు, వాళ్లిద్దరికీ పడని మూడోవాడు. శత్రువుకు శత్రువు మిత్రుడు అంటాం కదా, అదే. పక్క రాజ్యం వాడు శత్రువు, వాడికి అవతలి పక్కవాడు మనకు మిత్రుడు అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజులకు చెప్పిన లెక్క కూడా ఇదే.

చిక్కంతా మూడో రకంతోనే. రెండు ప్లస్‌లు, ఒక మైనస్. గిద్దలూరులో మీకు ఇద్దరు ప్రాణస్నేహితులున్నారనుకోండి. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. మీ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క! వాళ్లకు రాజీ అన్నా చేయాలి, ఇద్దరిలో ఒకరిని వదులుకోనైనా వదులుకోవాలి. ఇక నాలుగోది మూడూ మైనస్‌లే. అదీ ఎక్కువకాలం నిలవదు. మూడోవాడి మీద కోపంతో ఎప్పుడో ఇద్దరు ఏకమవుతారు.

మనసు ఇలా సమతూకం వెతుక్కుంటుందని 1946లో చెప్పినవాడు ఫ్రిట్జ్ హైడర్. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1956లో కార్ట్‌రైట్, హరారీ అనే ఇద్దరు ఆ సూత్రాన్ని ముగ్గురి నుంచి గుంపు మొత్తానికీ విస్తరించారు. అందరికీ అందరితో ఏదో ఒక సంబంధం ఉండి, ఏ ముక్కోణంలోనూ చిక్కు లేకపోతే ఆ గుంపుకు రెండే దారులని లెక్కగట్టి నిరూపించారు. ఒకటి, అందరూ ఒక్కటిగా ఉండటం. రెండోది, సరిగ్గా రెండుగా చీలిపోవడం. ఎవరూ పనిగట్టుకుని చీల్చక్కర్లేదు. ఎవరి చిక్కు వాళ్లు విప్పుకుంటూ పోతే ఊరే అలా తయారవుతుంది. ముగ్గురు శత్రువులు అలాగే ఉండిపోగలిగితే మాత్రం రెండుకు మించి వర్గాలు రావచ్చని 1967లో జేమ్స్ డేవిస్ చూపించాడు.

అల్లుడి ప్రాణం

యర్రగొండపాలెం దాటి మాచర్ల దారి పడితే పల్నాడు. అక్కడి వీరగాథలో ఈ మూడో రకం ముక్కోణం కళ్లకు కడుతుంది. నలగామరాజు, మలిదేవరాజు సవతి అన్నదమ్ములు, ప్రత్యర్థులు. అలరాజు మలిదేవుడి పక్షం మనిషి, నలగాముడికి స్వయానా అల్లుడు. అటు ప్లస్, ఇటు ప్లస్, మధ్యలో మైనస్. రెండు వైపులా కావాల్సినవాడు కాబట్టే అతణ్ని రాయబారం పంపారు. ఆ రాయబారంలోనే అతని ప్రాణం పోయింది. తర్వాత కారంపూడిలో యుద్ధం. మధ్యనున్న మనిషి పోతే మిగిలేవి రెండు పక్షాలే.

అయితే ఈ లెక్క ఎప్పుడూ నూటికి నూరుపాళ్లు నిజమవుతుందా? అమెరికాలో ఓ కరాటే క్లబ్బు కథ వినండి. ఫీజుల దగ్గర గురువుకూ అధ్యక్షుడికీ చెడి క్లబ్బు రెండయింది. 1970 నుంచి 72 దాకా దాన్ని గమనించిన వేన్ జాకరీ 1977లో తన అధ్యయనం అచ్చువేశాడు. ఎవరికి ఎవరితో ఎంత స్నేహమో చూసి, 34 మందిలో 33 మంది ఎటు వెళ్లారో సరిగ్గా చెప్పగలిగాడు. తప్పిపోయిన ఆ ఒక్కడికి బ్లాక్ బెల్టు పరీక్ష మూడు వారాల్లో ఉంది. స్నేహాలు అధ్యక్షుడి వైపున్నా, పరీక్ష కోసం గురువు వెంట నడిచాడు. అవసరం ముందు వర్గం నిలవలేదు!

నీళ్ల దగ్గర

2005లో ఆంటాల్, క్రాపివ్‌స్కీ, రెడ్నర్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు ఈ ముక్కోణాలను కంప్యూటర్‌కెక్కించారు. చిక్కులు పెరగకుండా ఒక్కో గీతనూ మార్చుకుంటూ పోతే చివరికేమవుతుందో చూశారు. మొదట్లో దాదాపు మూడింట రెండు వంతులు, అంతకు మించి స్నేహాలుంటే గుంపు మొత్తం ఒక్కటవుతోంది. అంతకు తగ్గితే రెండుగా చీలుతోంది. కంప్యూటర్లోని ఊరు మన ఊరంత చిక్కుగా ఉండదనుకోండి. అయినా ఇందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ఊరు చీలడం తలరాత కాదు, ప్లస్‌లు ఎన్నున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

మరి ప్లస్‌లు పెరిగేదెలా? 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజఫర్ షెరీఫ్ బృందం 22 మంది పిల్లలతో ఓ శిబిరం పెట్టింది. రెండు జట్లు చేసి పోటీలు పెడితే, పిల్లలు తిట్టుకుని కొట్టుకునేదాకా వచ్చారు. కలిపి కూర్చోబెట్టి సినిమా వేసినా, కలిపి భోజనం పెట్టినా లాభం లేకపోయింది. అప్పుడు శిబిరానికి వచ్చే నీళ్లు ఆగిపోయేలా చేశారు. దాహం వేసిన రెండు జట్లూ కలిసి పైపు వెంబడి వెతికాయి. అలాంటి ఉమ్మడి పనులు మరికొన్ని పడ్డాక గానీ కోపాలు చల్లారలేదు. పిల్లల మధ్య గొడవ పెట్టిందీ పెద్దలేనని ఆ ప్రయోగం మీద తర్వాత విమర్శలొచ్చాయి. ఆ మాట మన ఊళ్లలో పెద్దలకూ కాస్త తగులుతుంది.

నీళ్ల విలువ పశ్చిమ ప్రకాశానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గుండ్లకమ్మ మీది కంభం చెరువు నిండితే రెండు వర్గాల పొలాలూ తడుస్తాయి, ఎండితే రెండూ బీడే. తూముకు పార్టీ తెలియదు. పూడిక తీయాల్సిన కాలువ, రిపేరుకొచ్చిన బోరు, బడి ప్రహరీ... ప్రతి ఊళ్లోనూ ఇలాంటి పని ఏదో ఒకటి ఉంటుంది.

ఈ ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని మీ వీధినో, మీ బంధువర్గాన్నో పలక మీద గీసి చూడండి. మైనస్‌లు చాలానే కనిపిస్తాయి. వాటిలో ఏ గీత పక్కన ఏ ఉమ్మడి పని రాయొచ్చో పిల్లల్నే అడగండి.