రంగు నీళ్లు ఎటు పోతున్నాయని అడుగుదాం
జర్మనీలోని తెలుగువారికి విజ్ఞప్తి

మన చీరల రంగుల్లో చాలావాటికి పుట్టిల్లు మనం ఉంటున్న ఈ దేశమే. 1863లో బార్మెన్‌లో ఒక రంగుల వ్యాపారి, ఒక అద్దకం మేస్త్రీ కలిసి బాయర్ కంపెనీ పెట్టారు. 1868లో బెర్లిన్‌లో గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. పుట్టపాక తేలియా రుమాళ్ల ఎరుపు అదే.

ఆ రంగుల దెబ్బ కూడా ముందు ఇక్కడే తగిలింది. అద్దకం నీళ్లు పడి బార్మెన్ మీదుగా పారే వుప్పర్ నది రంగులు మారుతూ పారింది. ఫుక్సిన్ అనే రంగు తయారుచేసే కార్మికులకు మూత్రాశయంలో కణితులు వస్తున్నాయని 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్ బయటపెట్టాడు. నేడు జర్మనీలో బట్టల మిల్లు తన నీటిని నదిలోకి వదలాలంటే ఆ నీరు కాంతిని ఎంత పీల్చుకుంటోందో పసుపు, ఎరుపు, నీలం రంగులకు విడివిడిగా కొలుస్తారు. మీటరుకు 7, 5, 3 దాటకూడదు.

1994లో జర్మనీ, క్యాన్సర్ తెచ్చే అమైన్లుగా విడిపోయే అజో రంగులు వాడిన బట్టలను నిషేధించింది. ఎగుమతులు పోతాయన్న భయంతో 1997లో భారత ప్రభుత్వమూ 70 అజో రంగులను నిషేధించింది. అంటే ఇక్కడి కొనుగోలుదారు పట్టుబట్టేసరికి అక్కడి అద్దకం తొట్టి మారింది. అయితే ఆ చట్టం కాపాడింది కట్టుకునేవారి ఒంటిని. అద్దేవారి పెరట్లో పారే నీళ్ల గురించి పెద్దగా ఎవరూ పట్టుబట్టలేదు. ఆ పని మనం చేయాలి.

పోచంపల్లిలో చిట్కి కట్టిన (రంగు పట్టకుండా అక్కడక్కడ ముడులు వేసిన) నూలును చాలామంది ఇళ్ల దగ్గరే అద్దుతారు. ఒక్కో రంగుకూ కట్టాలి, ముంచాలి, జాడించాలి. రియాక్టివ్ రంగుల్లో నూలుకు పట్టకుండా మిగిలేది ఒక్కోసారి మూడో వంతు ఉంటుంది. అదంతా జాడించిన నీళ్లతోనే పోతుంది. ఇంటింటి అద్దకానికి కోట్ల రూపాయల ప్లాంటు కుదరదు. నాలుగైదు ఇళ్లకు కలిపి రెండు డ్రమ్ములతో మొదలుపెట్టవచ్చు. మొదటి దాంట్లో నీళ్లు నిలవాలి. వ్యాట్ రంగులు గాలి తగిలి నీటిలో కరగని రూపానికి మారి చాలావరకు అడుగుకు చేరతాయి. రెండో దాంట్లో రంగును పట్టుకునే పరుపు ఉండాలి.

ఆ పరుపులో ఏం నింపుతామన్నదే అసలు విషయం. పచ్చి వరి ఊక మిథిలీన్ బ్లూ లాంటి ధనావేశ రంగులను బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఊక ఉపరితలం రుణావేశం. నూలుకు వాడే రియాక్టివ్ రంగులదీ రుణావేశమే కాబట్టి ఊక వాటిని దూరంగా నెట్టేస్తుంది. ఊక పోస్తే చాలు నీళ్లు తేటపడతాయనే మాట నమ్మకండి. వీటికి కొబ్బరి చిప్పలను కాల్చి ఉత్తేజితం చేసిన బొగ్గు కావాలి, లేదా రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ కావాలి. కోనసీమలో చిప్పలకూ, భీమవరంలో పెంకులకూ కరువు లేదు. సోడా కలిసిన నీళ్లకు ముందు క్షారం తగ్గించాలి, లేకపోతే కైటోసాన్ సరిగా పనిచేయదు. అద్దకంలో వేసిన ఉప్పును ఇవేవీ తీయలేవు, కాబట్టి ఉప్పు వాడకాన్ని మొదట్లోనే తగ్గించుకోవాలి. రంగు పట్టిన బొగ్గును పొలంలో పారబోయకూడదు. నల్గొండ ప్రాంతంలో సిమెంటు బట్టీలు ఉన్నాయి, అనుమతితో అక్కడ కాల్చాలి.

ఉగాదికీ దసరాకీ మన సంఘాలు చేనేత స్టాళ్లు పెడుతుంటాయి. ఈసారి చీర కొనేముందు దాని జాడింపు నీళ్లు ఎటు పోయాయని అడగండి. ప్రతి సంఘమూ ఒక అద్దకం వాడను ఎంచుకుని డ్రమ్ముల ఖర్చు, ఏటా బొగ్గు మార్చే ఖర్చు భరించాలి. పెట్టి వదిలేస్తే ఆరు నెలల్లో అది చెత్త డ్రమ్మవుతుంది. ఆఖెన్, డ్రెస్డెన్‌లలో వస్త్ర సాంకేతికత చదువుతున్న మన పిల్లలు సెలవులకు ఊరెళ్లినప్పుడు నమూనాలు తీయాలి. జర్మనీ మిల్లుల నీళ్లకు వర్తించే ఆ మూడు అంకెలతోనే వాటినీ కొలవాలి. వచ్చిన ఫలితాన్ని అద్దకం వారికీ, చేనేత శాఖకూ, చీర కొన్నవారికీ తెలుగులో రాసి ఇవ్వాలి.