స్టిక్కరు కాదు, ఎర్తింగు చూడండి!



మైక్రోవేవ్‌లో వండితే జబ్బులొస్తాయని, వైఫై పక్కన పడుకోకూడదని ఫోన్ల నిండా భయాలే. ఆ భయాన్ని వాడుకుని ‘రేడియేషన్ తగ్గించే’ స్టిక్కర్లు, చిప్పులు, లాకెట్లు అమ్ముతున్నారు. మా వీధిలో ఒక పిన్నిగారు సెల్‌ఫోన్ వెనక అలాంటి స్టిక్కరు అంటించుకున్నారు. అదే ఇంట్లో ఆవిడ చెప్పులేసుకుని గ్రైండర్ వేస్తారు. ఎందుకండీ అంటే, “ముట్టుకుంటే జిల్లుమంటుంది నాయనా” అన్నారు. ప్లగ్గు తీసి చూస్తే మూడో పిన్ను లేదు. రెండు చిల్లుల సాకెట్‌లో పట్టలేదని ఎవరో కోసేశారు!

మన ఇళ్లలో జరుగుతున్నది ఇదే. భయం అక్కర్లేని చోట డబ్బు పోస్తున్నాం, ప్రాణం పోయే చోట చెప్పులతో సరిపెట్టుకుంటున్నాం.

రేడియేషన్ సంగతి

ఎక్స్‌రేలకు, గామా కిరణాలకు కణంలోని డీఎన్ఏను తెంచే శక్తి ఉంది. మైక్రోవేవ్, వైఫై, సెల్‌ఫోన్ తరంగాలకు అంత శక్తి లేదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపులోని చిల్లుల రేకు తరంగాలను లోపలే ఆపుతుంది. తలుపు తీయగానే అవి ఆగిపోతాయి, వండినదాంట్లో ఏమీ మిగలదు. తలుపు వంగినా, సరిగా పడకపోయినా మాత్రం బాగుచేయించేదాకా వాడకండి.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం సెల్‌ఫోన్ తరంగాలను 2బి జాబితాలో చేర్చిన మాట నిజమే. అనుమానం ఉండి, రుజువు చాలనివాటి జాబితా అది. కలబంద ఆకు సారమూ అందులోనే ఉంది. మనసు ఒప్పకపోతే ఇయర్‌ఫోన్లతో మాట్లాడండి. అంతేగాని లాకెట్లు కొనకండి. 2021లో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ, ‘5జీ నుంచి కాపాడే’ పేరుతో అమ్ముతున్న పది వస్తువులే రేడియోధార్మికత వెదజల్లుతున్నాయని తేల్చి, వాడొద్దని హెచ్చరించింది.

అసలు ముప్పు

2021లో దేశంలో కరెంటు షాక్‌తో 12 వేల మందికి పైగా పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పొలంలో మోటారు, ఇంట్లో గీజర్, బట్టలారేసే ఇనుప దండెం... చంపడానికి ఏదైనా చాలు.

బోర్డులో ఎంసీబీ బ్రేకరు ఉందిగా అని ధీమా వద్దు. అది వైరింగును కాపాడేది. షాక్ కొట్టి మనిషి గిలగిలలాడుతున్నా అది పడిపోకపోవచ్చు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ అనే మరో బ్రేకరు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది.

ఈ వారమే మనం చేయాల్సినవి

1. ఫ్రిజ్, గ్రైండర్, గీజర్, వాషింగ్ మెషిన్ ప్లగ్గులకు మూడో పిన్ను ఉందో లేదో చూడండి. అది మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఉండేది అలంకారానికి కాదు, ఎర్త్ ముందుగా తగలడానికి.
2. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు పరీక్ష చేయించండి. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి.
3. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. నెలకోసారి దాని మీది ‘టెస్ట్’ బటన్ నొక్కి, పడిపోతోందో లేదో చూడండి.
4. ఇనుప దండెం తీసేసి నైలాన్ తాడు కట్టండి.

మన డిమాండ్లు

అద్దె ఇళ్లలో ఎర్తింగు ఖర్చు ఇంటి యజమానిదే కావాలి. ఎర్తింగు, ఆర్‌సీసీబీ చూశాకే విద్యుత్ సిబ్బంది కొత్త కనెక్షన్ ఇవ్వాలి. రుజువు చూపకుండా ‘రేడియేషన్ రక్షణ’ పేరుతో అమ్మేవారిపై, తప్పుడు ప్రకటనలను శిక్షించే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద చర్య తీసుకోవాలి. మోసపోయినవారు 1915కు ఫోన్ చేయండి.

పిన్నిగారి గ్రైండర్‌కు కొత్త ప్లగ్గు వేయించి, ఎర్త్ కలిపించాం. ఇప్పుడు ఆవిడ చెప్పులు గుమ్మం బయటే ఉంటున్నాయి. మీ ఇంట్లో చెప్పులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి.

ఇట్లు,
మీ కాలనీవాసులు