రేగిస్తాన్‌కు ఉస్తాద్ ఎందుకు రాడు?

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఐదారేళ్ల కింద మా చెల్లెలి కూతురు అమెరికాలో పీహెచ్‌డీ ముగిస్తూ ఫోన్ చేసింది. "మామూ, ఎల్ పాసో యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు పడింది. దరఖాస్తు పెట్టనా?" అని అడిగింది.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ చుట్టూ పెద్ద పంచాయతీ. "అరె, అది రేగిస్తాన్. పైగా మెక్సికో సరహద్దు. ఆడపిల్ల ఒక్కతే ఎట్లుంటది?" అన్నాడు మా బడే భాయ్. "డల్లాస్‌ల ఉంటే మనోళ్లుంటరు, హలాల్ దొరుకుతది, రిష్తాలొస్తయి" అంది మా ఆపా. నేనూ తలూపాను. దరఖాస్తు వెళ్లలేదు. ఆ పిల్ల పెద్ద షహర్‌లోనే ఉండిపోయింది. ఏడాది కాగానే ముగిసే కాంట్రాక్టు నౌకరీ, మళ్లీ వెతుకులాట, మళ్లీ ఇంకో కాంట్రాక్టు.

ఇప్పుడు దాని తమ్ముడి వంతు. నీటి శుద్ధి మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. అదే షహర్, అదే సవాల్. ఈసారి మష్వరా ఇచ్చే ముందు ఆ ఊరి గురించి కూర్చుని చదివాను. చదివేకొద్దీ కోపం వచ్చింది. ముందు మన మీద, తర్వాత ఉస్తాదులను పిలిచే తీరు మీద.

ఎల్ పాసో టెక్సస్ పడమటి కొసన, చివావా ఎడారిలో ఉంటుంది. ఏడాదికి తొమ్మిది అంగుళాల వాన పడితే గొప్ప. రియో గ్రాండే నది దాటితే మెక్సికో నగరం సియుదాద్ హ్వారెస్. డల్లాస్‌కు వెయ్యి కిలోమీటర్లు. 1914లో గనుల చదువు కోసం పెట్టిన చిన్న స్కూలు నేడు పాతికవేల మంది చదివే యూనివర్సిటీ. వాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా హిస్పానిక్ పిల్లలు. హ్వారెస్ నుంచి రోజూ వంతెన దాటి వచ్చి చదువుకునే తాలిబే ఇల్మ్‌లూ ఉన్నారు. 2019 ఆరంభంలో ఆ యూనివర్సిటీకి పరిశోధనలో దేశంలోని పై మెట్టు హోదా దక్కింది. అమెరికా మొత్తంలో అప్పుడు ఆ హోదా ఉన్నవి సుమారు 130. మనవాళ్లు కళ్లు మూసుకుని ఫీజు కట్టే కాలేజీల్లో ఎన్నింటికి ఆ హోదా ఉంది?

"కానీ డేంజర్ కదా భాయ్" అంటారు. ఏళ్ల తరబడి అమెరికా పెద్ద నగరాల్లో నేరాలు తక్కువున్నవాటి సరసన ఎల్ పాసో పేరుంది. 2019 ఆగస్టు 3న అక్కడి వాల్‌మార్ట్‌లో ఒక దుండగుడు కాల్పులు జరిపాడు. 23 మంది ప్రాణాలు పోయాయి. వాడు వంతెన దాటి వచ్చినవాడు కాదు. మెక్సికన్ల మీద నఫ్రత్‌తో డల్లాస్ పక్కనున్న ఆలెన్ నుంచి పది గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. మన తెలుగువాళ్లు "సేఫ్ ఏరియా" అని ఇళ్లు కొనే ఆలెన్! 2023లో ఆ ఆలెన్ మాల్‌లోనే కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఖౌఫ్ ఎక్కడుందో, మనం దాన్ని ఎక్కడ చూస్తున్నామో ఆలోచించండి. హైదరాబాద్‌లో "పాతబస్తీలో ఇల్లా?" అని ఎవరైనా మూతి ముడిస్తే మనకు కాలుతుంది. ఇంకొకరి బస్తీని మనం అదే కళ్లతో చూస్తున్నాం.

సరే, తప్పంతా మనదేనా? కాదు. మారుమూల యూనివర్సిటీలు ఉస్తాదులను పిలిచే తీరు చూడండి. ఎండ బాగుంటుందట. ఇళ్లు చవకట. కొండలు అందమట. భవనాలన్నీ భూటాన్ కోటల్లా ఉంటాయట. ఆ కోటల మాట నిజమే. 1914లో ఒక పత్రికలో భూటాన్ ఫోటోలు చూసి డీన్ భార్య ముచ్చటపడితే, 1917లో ఆ నమూనాలో కట్టారు. చూడ్డానికి బాగుంటాయి. కానీ గోడలు చూసి ఎవడు కాపురం పెడతాడు?

ఉస్తాద్ ఒక్కడే రాడు. బీవీ వస్తుంది, లేదా షౌహర్ వస్తాడు. ఆమె కూడా డాక్టరేట్ చేసి ఉండొచ్చు. డల్లాస్‌లో ఆమెకు పది తలుపులుంటాయి. ఎడారి నగరంలో యూనివర్సిటీ, ఆస్పత్రులు, బడులు, సైనిక స్థావరం దాటితే తలుపులు తక్కువ. అతనికి అపాయింట్‌మెంట్ చేతిలో పెట్టి, ఆమెను వంటింట్లో కూర్చోమంటే మూడో ఏడు ఇద్దరూ సామాను సర్దుకుంటారు. అప్పుడు మళ్లీ ప్రకటన, మళ్లీ ఇంటర్వ్యూలు, మళ్లీ కొత్త ల్యాబు ఖర్చు. ఆ డబ్బుతో మొదట్లోనే ఆమెకూ ఒక నౌకరీ చూపించవచ్చు కదా! ఇది ఎహసాన్ కాదు, హిసాబ్.

సర్కారు ఆట ఇంకొకటి. 2023లో టెక్సస్ సెనేట్ కొత్త ప్రొఫెసర్లకు శాశ్వత ఉద్యోగ భరోసా లేకుండా చేయాలని బిల్లు పాస్ చేసింది. చివరికి ఆ భరోసా మిగిలింది గానీ, తీసేయడానికి కారణాల జాబితా చట్టంలోకెక్కింది. అన్ని జాతుల వాళ్లకు చోటు చూపే ఆఫీసులను అదే ఏడు చేసిన చట్టంతో మూయించారు. 2025 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ నుంచి ఇంకో ఫర్మానా వచ్చింది. విదేశంలో ఉన్న మనిషికి కొత్తగా హెచ్-1బీ అడిగితే లక్ష డాలర్లు కట్టాలట. కూలీనాలీ వాళ్ల పిల్లలకు చదువు చెప్పే యూనివర్సిటీ ఒక్క లెక్చరర్ కోసం లక్ష డాలర్లు ఎక్కడి నుంచి తెస్తుంది? మెహమాన్‌ను దావత్‌కు పిలిచి గడప దగ్గరే జేబు తడిమినట్టుంది.

మరి ఇలాంటి చోటుకు మనుషులు ఎన్నడూ రాలేదా? వచ్చారు. 1966 మార్చి 19 గుర్తు చేసుకోండి. అప్పుడు ఈ కాలేజీ పేరు టెక్సస్ వెస్టర్న్. కోచ్ డాన్ హాస్కిన్స్ జాతీయ బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఐదుగురు నల్ల ఆటగాళ్లతో ఆట మొదలుపెట్టాడు. అవతల అందరూ తెల్లవాళ్లే ఉన్న కెంటకీ. 72-65తో ఎడారి కాలేజీ గెలిచింది. దక్షిణాదిలో ఎన్నో పెద్ద కాలేజీలు నల్ల పిల్లలకు తలుపులు మూసిన రోజులవి. హాస్కిన్స్ వాళ్లకు ఎండను, కొండలను అమ్మలేదు. ఆడే మౌకా ఇచ్చాడు. పెద్ద షహర్లు కాదన్న హునర్‌ను వెతికి ఇజ్జత్ ఇవ్వడమే చిన్న షహర్ బలం.

మనకు మన తారీఖే ఉంది. 1918లో ఉస్మానియా పుట్టింది. సైన్సు, లెక్కలు, వైద్యం ఉర్దూలో చెప్పాలన్నది దాని జిద్. దాని కోసం దారుల్ తర్జుమా పెట్టారు. లక్నో దగ్గరి మలీహాబాద్ నుంచి జోష్ అంతటి షాయర్ వచ్చి అందులో పనిచేశాడు. లాహోర్ నుంచి ఖలీఫా అబ్దుల్ హకీమ్ వచ్చి ఫల్సఫా చెప్పాడు. హైదరాబాద్ ఎడారి కాదు, నిజాం ఖజానాకు కొదవా లేదు. కానీ ఒట్టి తన్‌ఖా కోసమే అయితే ఇంకో దర్బారు దొరకదా? ఇంకెక్కడా లేని పని అక్కడ ఉంది.

ఎల్ పాసోకూ అలాంటి పని ఉంది. భూమి కింది ఉప్పునీటిని రోజుకు రెండు కోట్ల డెబ్బై ఐదు లక్షల గ్యాలన్ల దాకా తాగునీరు చేయగల ప్లాంటు 2007 నుంచి అక్కడ నడుస్తోంది. నీటి మీద పనిచేసే మా పిల్లవాడికి ఆ ఊరే ఒక ల్యాబు. అక్కడ ఇంగ్లిష్, స్పానిష్ రెండు భాషల్లోనూ రచన నేర్పే కోర్సుంది. ఇంట్లో ఒక జబాన్, బజారులో ఒక జబాన్, బడిలో ఇంకో జబాన్‌తో పెరిగిన మనకంటే ఆ పిల్లల తక్లీఫ్ ఎవరికి తెలుసు? డయానా నటాలిసియో 1971లో అక్కడికి పాఠం చెప్పడానికి వచ్చింది. 1988 నుంచి 2019 దాకా ఆ యూనివర్సిటీకి అధ్యక్షురాలిగా ఉంది. పేద పిల్లలకు తలుపు తెరవడం, పరిశోధనలో పైకి పోవడం ఒకదానికొకటి అడ్డం కాదని చేసి చూపించింది.

కాబట్టి ఆ యూనివర్సిటీలకు నా మాట ఇది. ఎడారిని ఐబ్‌లా దాచకండి, టూరిస్టు ఫోటోలా అమ్మకండి. మీ దగ్గర మాత్రమే ఉన్న పని చూపించండి. పరిశోధనకు టైమివ్వండి. ఇంటిల్లిపాదికీ చోటివ్వండి.

మన ఖానదాన్లకూ ఒక మాట. పిల్లలు ఉస్తాద్ అవుతామంటే షహర్ పేరు అడిగే ముందు, అక్కడ చదువుకునే పిల్లలెవరో అడగండి. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లే అయితే, వాళ్లు మనకు పరాయివాళ్లు కారు. మన అబ్బాజాన్లూ ఆ మెట్లు అలాగే ఎక్కారు.

నిన్న రాత్రి పిల్లవాడికి ఫోన్ చేసి "దరఖాస్తు పెట్టు బేటా" అన్నాను. వాడు కాసేపు ఆగి, "అప్పాకు కూడా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది మామూ" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాశాను.