నక్షత్రాల పాఠంలో గాలి ఊసే లేదు



అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ జిరాక్స్ షాపుల్లో దొరికే జనరల్ సైన్స్ మెటీరియల్‌లో నక్షత్రాల పాఠం ఒక్క బాణం గీతతో అయిపోతుంది: పెద్ద నక్షత్రం, ఎర్ర మహాతార, సూపర్‌నోవా, ఆపైన న్యూట్రాన్ తార లేదా కృష్ణబిలం. పుట్టినప్పటి ద్రవ్యరాశి తెలిస్తే చావు కూడా తెలిసిపోయినట్టే రాస్తారు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దస్తమానం కూర్చునే పిల్లలు దాన్నే బట్టీ పడుతున్నారు. అది సగం పాఠమే. చనిపోయేలోగా నక్షత్రం ఎంత పోగొట్టుకుందన్నది కూడా లెక్కలోకి రావాలి.

నక్షత్రం పోగొట్టుకునేది గాలి రూపంలో, అంటే పైపొరల నుంచి బయటికి పారే వాయువుగా. సూర్యుడి నుంచీ ఈ గాలి వీస్తుంది కానీ దానివల్ల సూర్యుడికి తరిగేది అత్యల్పం. భారీ నక్షత్రాల చివరి దశ అలా ఉండదు. ఆ దశకు చేరిన వుల్ఫ్-రాయే తారలు సెకనుకు వెయ్యి నుంచి మూడు వేల కిలోమీటర్ల వేగంతో పైపొరలను వెదజల్లుతూ, సుమారు లక్ష ఏళ్లలో ఒక సూర్యుడంత పదార్థాన్ని వదిలేస్తాయి. ఆ వాయువును బయటికి నెట్టేది నక్షత్రపు కాంతే. మార్చి మొదట్లో రాత్రి 9 గంటలప్పుడు మేడెక్కి దక్షిణం వైపు చూడండి. అగస్త్య నక్షత్రానికి తూర్పున గామా వెలోరం కనిపిస్తుంది. అందులోని వుల్ఫ్-రాయే తార పుట్టినప్పుడు ద్రవ్యరాశిలో సూర్యుడికి 30 రెట్లకు పైగా ఉండేదని అంచనా. ఇప్పుడు మిగిలింది 9 రెట్లు.

ఎర్ర మహాతార అయిన ఆర్ద్రా నక్షత్రం 2019 చివర్లో మసకబారినప్పుడు, ఇక పేలబోతోందని ప్రపంచమంతా ప్రచారం జరిగింది. తీరా చూస్తే, అది విసిరిన వాయువే చల్లబడి, ధూళిగా మారి అడ్డుపడిందని శాస్త్రవేత్తలు తేల్చారు. బాణం గీత పాఠం చదివినవాళ్లకు ఈ సంగతి ఎలా అర్థమవుతుంది?

పైగా ఈ నక్షత్రాల చదువు మన హైదరాబాద్‌కు పరాయి విషయం కాదు. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు తండ్రి బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. బప్పు చదివింది మనకు దగ్గర్లోని నిజాం కాలేజీలో. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో హార్వర్డ్ వెళ్లారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం కె రేఖ నడుమ మెరిసే భాగం ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రపు అసలు వెలుగు అంత ఎక్కువని, ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో చూపించారు. వుల్ఫ్-రాయే తారల మీదా పనిచేశారు. 1971లో బ్యూనస్ ఐరిస్‌లో వాటిపై జరిగిన అంతర్జాతీయ సదస్సు సంపుటికి ఆయన సహ సంపాదకులు. ఇంతటి మనిషి మన మెటీరియల్‌లో కనబడితే, ఏదో ఒక బిట్ ప్రశ్నకు జవాబుగానే.

పరీక్షలో ఇంత లోతుగా అడగరు కదా అంటారు. కానీ ఇవాళ చదివేవాళ్లలో ఎందరో రేపు బడుల్లో ఇదే పాఠం చెప్పబోయే టీచర్లు. సగం పాఠం తరగతి గదిలోకీ వెళుతుంది. మెటీరియల్ రాసేవారు ఆ బాణం మధ్యలో నక్షత్ర గాలుల గురించి నాలుగు వాక్యాలు చేర్చాలి. ఈ పత్రిక కూడా పోటీ పరీక్షల పేజీలో వైను బప్పు పరిశోధన మీద ఒక పూర్తి వ్యాసం వేయాలని కోరుతున్నాను.

— విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నారాయణగూడ, హైదరాబాద్