కాలువకు తూము ఉండాలి



మన ఉగాది కార్యక్రమానికి పేర్లు నమోదు చేసే పేజీని ఎగైలాలో మా ఇంట్లో కూర్చుని నేనే జావాస్క్రిప్టులో రాశాను. పేరు టైప్ చేస్తుంటే కింద సభ్యుల పిల్లల పేర్లు కనిపించాలి. ఒక తల్లి తన పాప పేరు పూర్తిగా కొట్టింది. సరైన జవాబు వచ్చింది. అంతలో మొదటి రెండక్షరాలకు రావలసిన పాత జవాబు ఆలస్యంగా వచ్చి, దాన్ని చెరిపి కూర్చుంది! ఆవిడ నొక్కేసరికి జాబితాలో చేరింది మరో పేరు. రిహార్సల్ రోజున ఆ పాప కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పు నాదే.

మన గోదావరి కాలువలు గుర్తున్నాయా? నీరు వస్తూనే ఉంటుంది. ఏ చేనుకు ఎప్పుడు వదలాలో తూము చూసుకుంటుంది. టైప్ చేసే అక్షరాలనూ అలాంటి ప్రవాహంగా చూడటమే రియాక్టివ్ పద్ధతి. మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మేయర్ బృందం 2009లో దీన్ని డాట్‌నెట్‌కు అందించింది. 2010లో జావాస్క్రిప్టుకు 'ఆర్‌ఎక్స్‌జేఎస్' వచ్చింది.

ఇందులో 'డిబౌన్స్' వేళ్ళు కాసేపు ఆగేదాకా వేచి ఉంటుంది. 'ఫిల్టర్' జల్లెడ. 'స్విచ్‌మ్యాప్' కొత్త ప్రశ్న రాగానే పాత ప్రశ్నను వదిలేస్తుంది. ప్రతి ఫంక్షనూ తన చేతికొచ్చినదాన్ని పాడుచేయకుండా, కొత్తది తయారుచేసి పక్కవాడికి అందిస్తుంది.

ఆ రాత్రే పేజీ తిరగరాశాను. ఉగాదినాడు పాప నాట్యం చేసింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే!

పిల్లలూ, ఒక ప్రశ్న: డిబౌన్స్ ఒక్కటే పెడితే నా తప్పు సరిపోయేదా? ఆలోచించండి. జవాబు వచ్చే సంచికలో!