తుపాకీ తుడిచే చేతులకు రక్షణ ఏదీ?



దసరా వస్తోంది. పోలీసు కార్యాలయాల్లో ఆయుధపూజ ఫొటోలు ఏటా మీ పత్రికలో చూస్తుంటాం. పసుపు కుంకుమలు, నిమ్మకాయలు, వరసగా పేర్చిన ఎస్సెల్లార్, ఇన్సాస్ తుపాకులు. అవి అలా తళతళలాడాలంటే అంతకుముందు వారం పది రోజులు ఎవరో కూర్చుని తుడవాలి. ఆ తుడిచేవాళ్లు ఏం పీలుస్తున్నారు, ఏం ముట్టుకుంటున్నారు అన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను తుపాకుల బాగోగులు చూసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత నాకుంది. పెట్రోలుతో, థిన్నర్‌తో తుపాకులు కడగడం పూర్తిగా ఆపించాలి. ఆ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏటా రక్తపరీక్ష జరిపించాలి.

చూడనివారికి ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. పుల్‌త్రూ తాడుకు ఒక కొసన ఇత్తడి గుండు, రెండో కొసన నూనెలో తడిపిన చిందీ పీలిక. గుండును ఛాంబర్ వైపు నుంచి జారవిడిచి, మూతి వైపు నుంచి ఒక్క ఊపున లాగాలి. పీలిక బయటపడగానే నల్లటి తుంపర ఎగజిమ్ముతుంది. పెదవుల మీద పడుతుంది, కళ్లలో పడుతుంది. ఎస్సెల్లార్ గ్యాస్ ప్లగ్‌కు పట్టిన మసి గుడ్డకు లొంగదు. సగానికి కోసిన నీళ్ల సీసాలో పెట్రోలు పోసి రాత్రంతా నానబెడతారు. పొద్దున్నే ఉత్త వేళ్లతో తీసి గీకుతారు. వేళ్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల చుట్టూ పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లతోనే అన్నం కలుపుకుంటారు.

ఇదంతా జరిగే గదికి భద్రత కోసం కిటికీలు పెట్టరు. నేల మీద జంపఖానా పరుచుకుని కూర్చుంటారు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలనంటుకుని పరుచుకుంటుంది, కింద కూర్చున్నవాడి ముక్కులోకే వెళ్తుంది. కాసేపటికి తల తిరుగుతుంది, మాట తడబడుతుంది. పై అధికారి చూస్తే తాగి వచ్చాడనుకుంటాడు.

పూర్వం కిరోసిన్ వాడేవాళ్లం. రేషన్ కిరోసిన్ దొరకడం కష్టమయ్యాక పెట్రోలు, పెయింటు షాపు థిన్నర్ వచ్చి చేరాయి. ఇప్పటి కుర్రాళ్లు ఆటో విడిభాగాల దుకాణాల్లో దొరికే బ్రేక్ క్లీనర్ స్ప్రేలు కూడా కొడుతున్నారు. మసి పోతే చాలు, అన్నీ ఒకటే అనుకుంటారు. కానీ ఒక్కోటి ఒక్కో చోట దెబ్బకొడుతుంది. మన బీఎస్-6 పెట్రోలులోనే 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. బెంజీన్ ఎముక మజ్జను పాడుచేస్తుంది, రక్త క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మనుషులకు కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. థిన్నర్‌లోని టోలీన్ మెదడు మీద, నరాల మీద పనిచేస్తుంది. కొన్ని బ్రేక్ క్లీనర్లలో ఉండే హెక్సేన్ కాళ్లు చేతుల నరాలను తినేస్తుంది. కాలిఫోర్నియాలో కారు మెకానిక్‌లకు పాదాలు, వేళ్లు మొద్దుబారడానికి కారణం ఈ హెక్సేనేనని 2001లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నివేదిక ఇచ్చింది. జిడ్డు వదలగొట్టే ట్రైక్లోరోఇథిలీన్ మూత్రపిండాల క్యాన్సర్‌కు దారితీస్తుందని ఆ క్యాన్సర్ పరిశోధనా సంస్థే 2012లో తేల్చింది.

వీటికి తోడు సీసం. తూటా మొదట్లో ఉండే క్యాప్‌లో సీసం ఉంటుంది, గుండులో ఉంటుంది. కాల్పుల సాధన తర్వాత బ్యారెల్ నుంచి వచ్చే ఆ నల్లటి మసిలో అదే ఉంటుంది. చేతికి అంటుకుంటుంది, చేతి నుంచి టీ గ్లాసుకు, బీడీకి, నోటికి చేరుతుంది. యూనిఫాంతో ఇంటికీ పోతుంది. భార్య ఆ చొక్కా ఉతుకుతుంది, పిల్లవాడు ఆ చొక్కానే పట్టుకుని వేలాడతాడు. కడుపునొప్పి, మలబద్ధకం, కీళ్లనొప్పులు, బీపీ వస్తే డాక్టర్లు గ్యాస్ ట్రబుల్ మాత్ర రాసి పంపేస్తారు. నీ ఉద్యోగమేమిటని అడిగితే కదా సీసం సంగతి తట్టేది!

ఇక మన ఎండ సంగతి. కిరోసిన్ 35 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వదలవచ్చని మన ప్రమాణాలే చెబుతున్నాయి. మే నెలలో వరంగల్ ఎండ 44, 45 డిగ్రీలు. పెట్రోలుకైతే చలికాలమైనా ఒకటే. తూటాల పెట్టెలుండే చోట ఆ ఆవిరిని నిలవబెడుతున్నాం.

‘ముప్పై ఏళ్లు చేశాం, మాకేమైంది?’ అని నా తోటివాళ్లే అంటారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ బెంజీన్ చేసే చెడు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. రిటైరయ్యాక వచ్చిన జబ్బును ఎవరూ ఆయుధాగారంతో ముడిపెట్టరు. ఫ్యాక్టరీ కార్మికుడికి సీసం విషమెక్కినా, బెంజీన్ విషమెక్కినా చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే. ఆయుధాగారం ఫ్యాక్టరీ కాదు గనుక ఆ లెక్క ఎక్కడా రాయరు. రాయని లెక్క చూపించి జబ్బు లేదనడం న్యాయమా?

పెట్రోలు, థిన్నర్ వంటి సాల్వెంట్ లేకుంటే తుపాకీ పాడైపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. త్రీనాట్‌త్రీ రైఫిళ్ల కాలంలో కాల్చిన వెంటనే బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసి కడిగేవారు. పాత క్యాప్‌లలోని రసాయనం కాలాక ఒక రకం ఉప్పు మిగిల్చేది. ఉప్పు నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. ఆ ఉప్పును అలాగే వదిలేస్తే రాత్రికి రాత్రి తుప్పు పట్టేది. నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, పలచగా గన్ ఆయిల్ రాస్తే చాలు. ఇప్పుడైతే నీటి ఆధారిత క్లీనర్లు కూడా దొరుకుతున్నాయి. ఒక తరం చేసిన పని ఇప్పుడెందుకు చేయలేం?

బ్యాంకుల ముందు, ఏటీఎం క్యాష్ వ్యాన్ల దగ్గర నిలబడే గన్‌మెన్‌లది ఇంకా అన్యాయం. వాళ్లకు ఆర్మరర్ ఉండడు. డబుల్ బ్యారెల్ తుపాకీని అద్దె గదిలో, వంటపొయ్యి పక్కనే తుడుచుకుంటారు. ప్రైవేటు సెక్యూరిటీ గార్డులకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలని నిబంధన ఉంది. అందులో ఒక్క గంట తుపాకీని జాగ్రత్తగా తుడవడం నేర్పడానికి కేటాయిస్తే ఏం పోతుంది? మామునూరులో పోలీసు శిక్షణ కళాశాల ఉంది. అక్కడ కొత్త కానిస్టేబుళ్లకు పుల్‌త్రూ పట్టుకోవడం నేర్పే రోజునే నైట్రైల్ గ్లౌజులు తొడగడమూ నేర్పవచ్చు. ఆసుపత్రి లాటెక్స్ గ్లౌజులు పెట్రోలుకు నిలవవు, నైట్రైల్‌వే కావాలి. తుడిచే పని వరండాలో, బల్ల మీద జరగాలి. అక్కడ టీ, బీడీ వద్దు. పని ముగిశాక చేతులు సబ్బుతోనే కడగాలి గానీ పెట్రోలుతో కాదు. పనిలో వేసుకున్న బట్టలు ఇంటి బట్టలతో కలపకూడదు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

రక్తపరీక్షకు దూరం పోనక్కర్లేదు. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ వైద్య కళాశాల మన వరంగల్‌లోనే ఉన్నాయి. ఈ దసరా పని ముగియగానే ఉమ్మడి వరంగల్ జిల్లాలో తుపాకులు తుడిచినవాళ్లందరికీ రక్తకణాల లెక్క, రక్తంలో సీసం పరీక్ష చేయించి, ఫలితం ఎవరిది వారి చేతికే ఇవ్వాలని పోలీసు, వైద్య శాఖల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రిటైరైన మమ్మల్నీ పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, హన్మకొండ